ఎవరి వంతు ఎంత

మాంట్రియల్,
2025 అక్టోబరు 12

పెద్దమ్మా,

ఫోన్‌లో చెబుదామంటే నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటున్నారు. అందుకే రాస్తున్నా. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువుకో.

పెదనాన్న పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మనవాళ్లు "సిగరెట్లు తాగి చేజేతులా తెచ్చుకున్నాడు, ఎవరేం చేస్తారు" అన్నారు. నువ్వు వడ్డిస్తూ తల దించుకున్నావు. అది నన్నింకా పొడుస్తూనే ఉంది.

మా కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. 2009లో భర్త ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. పోయిన ఆదివారం సిగరెట్ కంపెనీల నుంచి వచ్చే పరిహారం కాగితాలు నింపాలి, సాయం రమ్మన్నారు. బిస్కెట్ల డబ్బాలో దాచిన ఆసుపత్రి చీటీలన్నీ టేబుల్ మీద పరిచారు. పరిహారం రావాలంటే ఆయన కనీసం 87,600 సిగరెట్లు కాల్చి ఉండాలట. రోజుకు ఇరవై చొప్పున పన్నెండేళ్లు. ఆవిడ వేళ్ల మీద లెక్కేసి, "దీనికి మూడింతలు ఉంటాయి" అని ఏడ్చేశారు.

ఈ క్యూబెక్ రాష్ట్రంలో 1998లో మూడు పెద్ద సిగరెట్ కంపెనీల మీద కేసు వేశారు. విచారణ మొదలయ్యేసరికి 2012. ఎవరి పేరు మీద కేసు నడిచిందో ఆ జాన్ ఈవ్ బ్లే అదే ఏడాది క్యాన్సర్‌తో పోయాడు, తీర్పు వినకుండానే. 2015లో బ్రయాన్ రియోర్డన్ అనే జడ్జి 1,500 కోట్ల డాలర్లకు పైగా కట్టమన్నారు. జనం ఊపిరితిత్తులు, గొంతులు పాడుచేసి కంపెనీలు సంపాదించాయని తీర్పులోనే రాశారు. అప్పీల్లో ఓడిపోయాక కంపెనీలు అప్పులవాళ్ల నుంచి రక్షణ కావాలని మళ్లీ కోర్టుకెక్కాయి. చివరికి ఈ మార్చిలో కెనడా దేశం మొత్తానికి 3,250 కోట్ల డాలర్ల ఒప్పందానికి కోర్టు ఒప్పుకుంది. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వాలకే పోతుంది.

నీకు చెప్పాలనుకున్నది ఇది. కంపెనీల లాయర్లూ అక్కడ మనవాళ్ల మాటే అన్నారు: ప్రమాదమని అందరికీ తెలుసు, తెలిసే తాగారు అని. జడ్జి ఆ మాట విని లెక్క కట్టారు. 1976 నుంచి మొదలుపెట్టినవాళ్లది నూటికి ఇరవై వంతుల తప్పు, ఎనభై కంపెనీలది. అందుకే క్యాన్సర్ వచ్చినవాళ్లకు లక్షకు బదులు ఎనభై వేల డాలర్లు. అంతకు ముందు మొదలుపెట్టినవాళ్లకు ఒక్క డాలరూ తగ్గించలేదు.

పెదనాన్న మొదలుపెట్టింది 1971లో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు మంట చూసుకుంటూ నిద్ర ఆపుకోవడానికి అని నువ్వే చెప్పావు. పెట్టె మీద హెచ్చరిక వేయాలన్న చట్టం మన దేశంలో వచ్చిందే 1975లో. ఈ తీర్పు మనకు వర్తించదు, నాకు తెలుసు. అయినా ఇక్కడి లెక్కన ఆయన వంతు సున్నా, పెద్దమ్మా.

ఆయన మానలేదని అందరూ అంటారు. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ ముట్టుకోలేదు కదా. కాఫీ గ్లాసు పట్టుకుంటే చేయి వణికి కింద సాసర్‌లో ఒలికేది. నేను చూశాను. మాల తీసిన సాయంత్రం కొట్టు నుంచి పెట్టె తెమ్మని పంపింది నన్నే. మిగిలిన చిల్లర నాకే ఇచ్చారు. ఆ రూపాయి గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

సంక్రాంతి దాటాక సంవత్సరీకానికి వస్తున్నా, టికెట్ తీసుకున్నాను. ఆ రోజు వడ్డన నాది. నువ్వు అందరితో పాటు బంతిలో కూర్చో.

నీ
సుజాత