ఐలాండ్‌లోకి ఎస్ ఎలా వచ్చింది?

ప్రియమైన మురళీ,

నీ ఉత్తరం అందింది. డిక్టేషన్‌లో ‘ఐలాండ్’ మాటను ఎస్ లేకుండా రాసినందుకు మన చిన్నదానికి మార్కు పోయిందని రాశావు. “పలకని అక్షరం ఎందుకు రాయాలి నాన్నా?” అని అది నిలదీస్తే నీకు ఏం చెప్పాలో తోచలేదట. నేను చెబుతాను. జవాబు కాస్త పొడుగు, ఓపిక పట్టు.

ఆ మాటలో ఎస్‌కు పుట్టుకతో వచ్చిన హక్కేమీ లేదు. పాత ఇంగ్లీషులో దీవిని ‘ఈయ్’ అనేవాళ్లు. దానికి నేల అనే అర్థమున్న ‘లాండ్’ చేరి ‘ఈయ్‌లాండ్’ అయింది. ఆ ‘ఈయ్’ ఊళ్ల పేర్లలో ఇంకా బతికే ఉంది. కెంట్ తీరంలోని షెప్పీ అంటే గొర్రెల దీవి. లండన్‌లోని బెర్మండ్సీ, బ్యాటర్సీ పేర్ల చివర వినిపించేదీ అదే. థేమ్స్ ఒడ్డున చిత్తడి మధ్య మెరకగా ఉన్న నేలలు కాబట్టి వాటినీ దీవులనే అన్నారు. తర్వాత కొన్ని వందల ఏళ్ల పాటు ఆ మాటను ఒకరు ‘ఐ’తో, ఇంకొకరు ‘వై’తో మొదలుపెట్టి రాశారు. ఎస్ మాత్రం ఎవరూ పెట్టలేదు.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? దీవికే ‘ఐల్’ అని మరో మాట ఉంది కదా, అది ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్ ‘ఇన్సులా’. లాటిన్ మీద మోజు పెరిగిన కాలంలో పండితులు, మూలం కనిపించాలని ‘ఐల్’ నడుమ ఎస్ పెట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. ‘ఐలాండ్’ అంటే ‘ఐల్’కు ‘లాండ్’ కలిసిందేనని పొరబడి దానికీ తగిలించారు. నిజానికి ఆ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు! అప్పు అనే అర్థమున్న ‘డెట్’లోనూ పలకని బి ఇలాగే దూరింది కానీ, ఆ మాట లాటిన్ ‘డెబిటుమ్’ నుంచే వచ్చింది కనుక దానికి ఒక న్యాయం ఉంది. ఐలాండ్‌కు అదీ లేదు. ఫ్రెంచివాళ్లేమో తర్వాత తమ మాటలో ఎస్ తీసేసి, ఐ నెత్తిన చిన్న టోపీలాంటి గుర్తు పెట్టుకున్నారు.

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో, అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం తీసి చూడు. ఓడ పగిలాక అపొస్తలుడు పౌలు చేరిన ‘మెలితే’ (ఇప్పటి మాల్టా) ఒక ‘ఐ-ఎల్-ఎ-ఎన్-డి’. అంటే మన పిల్ల రాసిన స్పెల్లింగే! అమెరికాలో నోవా వెబ్‌స్టర్ కూడా 1828 నాటి నిఘంటువులో ఎస్ ఉన్న రూపం అర్థంలేనిదని తేల్చేశాడు. ఆయన చెప్పిన మార్పులు చాలా వాటిని అమెరికా ఒప్పుకుంది, దీన్ని మాత్రం ఒప్పుకోలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఇది.

అన్నట్టు, నువ్వు విమానంలో ఎప్పుడూ అడిగి తీసుకునే ‘ఐల్’ సీటు ఉందే, అదీ ఈ గందరగోళంలో చిక్కుకున్న మాటే. అది చర్చి కట్టడంలో పక్క భాగానికి పేరు. ‘రెక్క’ అనే అర్థమున్న లాటిన్ ‘ఆలా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. దీవి ‘ఐల్’తో కలగలిసిపోయి దాని ఎస్‌ను తెచ్చుకుంది. ఆ తర్వాత ఫ్రెంచిలో రెక్కకున్న మాటను చూసి ముందు ఒక ‘ఎ’ కూడా చేర్చారు. ఇప్పుడు దాని స్పెల్లింగులో రెక్కా ఉంది, దీవీ ఉంది.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. వెంటనే జవాబు రాయి.

నీ
శ్రీధర్