మా మసిని బతికించిన వాళ్ళందరికీ

ఇవాళ మా పిల్లికూన మసి కర్టెన్ ఎక్కేసి, దిగడం చేతకాక అరిచి గోల పెట్టింది. పది రోజుల కిందట గిన్నె దాకా నాలుగడుగులు వెయ్యలేక మధ్యలోనే చతికిలబడ్డ పిల్ల ఇది. అందుకే ఈ పోస్టు.

తప్పు నాదే. రెండున్నర నెలల కూన, కిలో బరువు కూడా లేదు. తిండి ముట్టడం లేదని, ఉడికించిన మాంసంలో సూప్ పొడి కలిపి వారం పాటు పెట్టాను. వాసనకి ఆవురావురుమని తినేది. నేనేమో మురిసిపోయేదాన్ని.

డల్‌గా ఉంటే నులిపురుగులేమో అనుకున్నాను. పై వాటా అక్క వచ్చి దాని పెదవి ఎత్తి చూసింది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. ట్రేలో మూత్రం కాఫీ రంగు. "డాక్టర్ దగ్గరికి పద. ఏం పెడుతున్నావో ఆ ప్యాకెట్ కూడా తీసుకో" అంది. అక్కా, ఆ రెండో మాటకి నీకు జన్మంతా రుణపడి ఉంటాను.

డాక్టర్ గారు ముందు బొచ్చంతా దువ్వి, రక్తం తాగే పురుగులున్నాయేమో వెతికారు. ఏమీ లేవు. ప్యాకెట్ తిప్పి చూస్తే వెనకాల సన్నటి అక్షరాల్లో 'ఉల్లి పొడి'. రక్తపు చుక్కకి రంగు వేసి మైక్రోస్కోపులో నాకూ చూపించారు. ఎర్ర కణాల అంచున నీలం పూస అంటించినట్టుంది. హైంజ్ బాడీలట. ఉల్లి, వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు హిమోగ్లోబిన్‌ని పాడుచేస్తే అవి పుడతాయి. ఆ పదార్థాలు దాడి చెయ్యగల చోట్లు కుక్క హిమోగ్లోబిన్‌లో 4 ఉంటే పిల్లిలో 8. పాడైన కణాలను ఏరేసే పనిలో పిల్లి ప్లీహం కూడా కాస్త మందకొడి. కిలో బరువుకి 5 గ్రాముల ఉల్లిపాయ చాలు, పిల్లికి చేటే. పొడైతే అంత కూడా అక్కర్లేదు, నీళ్ళు పోయిన ఉల్లే కదా! వండితే విరిగే గుణమూ కాదు. చంటిపిల్లల సీసా తిండిలోనూ ఉల్లి పొడి ఉండొచ్చట, చూసుకోండి. మెత్తటి తిండి ఎండిపోకుండా కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ కూడా ఇలాంటి పూసలే పుట్టిస్తుందని, అమెరికాలో 1996లో పిల్లి తిండిలో దాన్ని నిషేధించారని కూడా చెప్పారు. అంత రద్దీలో నాకోసం కూర్చుని ఇవన్నీ వివరించిన డాక్టర్ గారికి నమస్కారాలు.

రక్తంలో ఎర్ర కణాల వాటా 13 శాతానికి పడిపోయింది, రక్తం ఎక్కించక తప్పదన్నారు. పిల్లుల్లోనూ ఏ, బీ, ఏబీ గ్రూపులున్నాయి. గ్రూపు తప్పితే మొదటిసారే ప్రాణం మీదికొస్తుంది. ఆ రాత్రి, ముఖం కూడా తెలియని నాకోసం తన ఐదు కిలోల పిల్లిని బుట్టలో పెట్టుకొచ్చిన ఆవిడ పేరు రాయొద్దన్నారు. సరే, రాయను. మెడ మీద బొచ్చు గొరిగించుకుని బుద్ధిగా పడుకున్న మీ పిల్లిని మాత్రం తలుచుకోని రోజు లేదండీ.

మొన్న చూస్తే 25 శాతం. ఇప్పుడు కూనల తిండి తప్ప వేరే ముద్ద పెట్టడం లేదు. అక్క రోజూ వచ్చి చిగుళ్ళు చూసి వెళుతోంది. నిన్న పెదవి ఎత్తబోతే మసి అక్క వేలు కసుక్కున కొరికింది.

దానికీ సారీ అక్కా.