మూత్ర పరీక్ష చీటీలో మందు పేరు కూడా రాయాలి

సంపాదకులకు,

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారి మూత్రంలో అరుదుగా కనిపించే స్ఫటికాల గురించి, ఇరవై ఏళ్లకు పైగా మైక్రోస్కోపు ముందు పనిచేసిన ల్యాబ్ టెక్నీషియన్‌గా ఒక విన్నపం చేస్తున్నాను.

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌కు, కొన్ని రకాల లుకేమియా (రక్త క్యాన్సర్), లింఫోమాలకు (శోషరస గ్రంథుల క్యాన్సర్) మెథోట్రెక్సేట్ మందును భారీ మోతాదులో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అందులో అధికభాగం మూత్రపిండాల గుండానే బయటకు పోవాలి. మూత్రంలో ఆమ్లగుణం ఎక్కువైతే ఆ మందు కరగక, మూత్రపిండాల్లోని సన్నని నాళికల్లో స్ఫటికాలై అడ్డుపడుతుంది. అప్పుడు మందు ఒంట్లోనే నిలిచిపోయి ఎముక మజ్జను, నోటి లోపొరను దెబ్బతీస్తుంది. అందుకే సెలైన్‌తో పాటు సోడియం బైకార్బొనేట్ ఇచ్చి, మూత్రంలో ఆమ్లగుణం పెరగకుండా, అంటే దాని పీహెచ్ 7కు తగ్గకుండా చూస్తారు.

స్లైడు మీద ఈ స్ఫటికాలు పసుపు నుంచి గోధుమ రంగు వరకు ఉండే సన్నని సూదుల కట్టల్లా, ఒక్కోసారి నడిమధ్య నుంచి రేకులు విచ్చినట్టు కనిపిస్తాయి. మేము రోజూ చూసే యూరిక్ యాసిడ్ స్ఫటికాలదీ ఇంచుమించు అదే రంగు. కొన్నేళ్ల కిందట ఒక కుర్రవాడి నమూనా వచ్చింది. చీటీలో 'మూత్ర పరీక్ష' అని తప్ప మరేమీ లేదు. నేను యూరిక్ యాసిడ్ అని రాసి పంపాను. మర్నాడు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే కొలత) పెరిగి, వార్డు డాక్టరు స్వయంగా ల్యాబుకు వచ్చి మందు పేరు చెప్పిన తరువాత గానీ నేను చూసిందేమిటో నాకు తెలియలేదు. ఆ కుర్రవాడు కోలుకున్నాడు కానీ, ఒక రోజు ఆలస్యం జరిగిన మాట నిజం.

మూత్రంలో రంగు పట్టీ ముంచి చూసే డిప్‌స్టిక్ పరీక్షకు స్ఫటికాలు అందవు. గంటల తరబడి ఉంచిన నమూనాలోనూ, ఫ్రిజ్‌లో పెట్టినదానిలోనూ లేని స్ఫటికాలు కొత్తగా ఏర్పడవచ్చు కనుక తాజా మూత్రాన్నే చూడాలి. స్ఫటికాలు కనిపించనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. క్రియాటినిన్, రక్తంలో మందు స్థాయి ఎలాగూ చూడవలసిందే. ఈ రోగులకే తరచు ఇచ్చే ఎసైక్లోవిర్ (వైరస్‌లకు ఇచ్చే మందు), సల్ఫా మందులు (బ్యాక్టీరియా వంటి వాటికి ఇచ్చేవి) కూడా స్ఫటికాలు కట్టగలవు కాబట్టి కంటికి కనిపించే ఆకారం ఒక్కటే చాలదు.

క్యాన్సర్ వార్డు నుంచి వచ్చే ప్రతి మూత్ర పరీక్ష చీటీలో రోగి వాడుతున్న మందులు, చివరి మోతాదు ఇచ్చిన సమయం రాయడాన్ని ఆసుపత్రులు తప్పనిసరి చేయాలి. ల్యాబులో ఉన్నవారు అనుమానాస్పదమైన సూదులు కనిపించిన వెంటనే, రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా, వార్డుకు ఫోన్ చేయాలి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు