స్కీలు అద్దెకిచ్చే ముందు బరువు అడగాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ రాగానే మీ ఆదివారం అనుబంధంలోనూ, ఇతర తెలుగు పత్రికల పర్యాటక పేజీల్లోనూ హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి, దానికి పైనున్న రోహ్‌తంగ్ కనుమ యాత్రల వివరాలు వస్తాయి. గుర్రపు స్వారీ, రోప్‌వే, మంచులో ఫొటోల సరసన, కాళ్ళకు స్కీలనే పొడవైన పలకలు తగిలించుకుని మంచు మీద జారే స్కీయింగ్ కూడా ప్యాకేజీలో చేరిన మరో వినోదంగా కనిపిస్తుంది. బెంగళూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నాకు, వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజుల్లో ఆ వినోదం మరో రూపంలో ఎదురవుతుంది. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే ఐటీ ఉద్యోగులు, వారిలోనూ మన తెలుగువాళ్ళు, వాచిన మోకాలితో వచ్చి కూర్చుని, "మంచులో పడ్డానండీ, కాలు మెలిక పడింది" అంటారు. స్కీయింగ్ మానుకోమని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. మిత్రులతో కలిసి మే నెలలో రోహ్‌తంగ్ వెళ్ళి, ఆ వాలు మీద జారిన ఆనందం తెలిసినదాన్నే. నేను చెప్పదలచింది ఒక్కటే: మన బరువెంతో అడగకుండా స్కీలు అద్దెకిచ్చేవారి దగ్గర వాటిని తీసుకోకూడదు. ఒంటరిగా వెళ్ళినవారి కంటే మిత్రబృందంగా వెళ్ళినవారికి అలా పట్టుబట్టే బలం ఎక్కువ.

బరువుకూ స్కీకీ సంబంధమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును బైండింగ్ అంటారు. సాఫీగా జారుతున్నంతసేపూ అది బూటును వదలకూడదు. పడినప్పుడు, స్కీ ఒకవైపు ఒళ్ళు మరోవైపు తిరిగినప్పుడు మాత్రం వెంటనే వదిలేయాలి. ఎంత బలం పడితే వదలాలన్నది ముందూ వెనుకా ఉండే మరలతో (స్క్రూలతో) నిర్ణయిస్తారు. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్‌లో ఉన్న అనుభవం చూసి, పట్టిక ప్రకారం ఆ అంకె పెడతారు. 50 కిలోల కొత్త అమ్మాయికి సరిపడే బిగింపును 85 కిలోల ఆరితేరిన మనిషికి పెడితే మలుపులోనే ఊడి అతన్ని పడేస్తుంది. అతనికి సరిపడే బిగింపును ఆమెకు పెడితే, పడినా ఊడదు. అప్పుడు ఆ పొడవైన స్కీ మీటగా పనిచేసి, మెలిక బలాన్నంతా మోకాలి మీదకూ, మోకాలి కింది ఎముక మీదకూ తెస్తుంది. 1970ల నుంచి ఈ బైండింగులు మెరుగుపడుతూ రావడంతో స్కీయింగ్ దేశాల్లో కాలి ఎముక విరిగిన కేసులు బాగా తగ్గాయి. క్రీడా పేజీల్లో ఏసీఎల్ పేరుతో తరచూ కనిపించే మోకాలి లోపలి లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, తెగడాన్ని మాత్రం ఎంత మంచి బైండింగైనా పూర్తిగా ఆపలేకపోతున్నది. సరిగ్గా అమర్చినదానికే ఇన్ని పరిమితులు ఉన్నప్పుడు, ఎవరికో అమర్చినదాన్ని మనం కాలికి తగిలించుకోవడం ఏపాటి క్షేమమో ఆలోచించవచ్చు.

మేం వెళ్ళినప్పుడు కనుమ దగ్గర స్కీలు ఇచ్చినవారు అడిగింది బూటు నంబరు మాత్రమే. మా బృందంలో అందరికంటే సన్నగా ఉన్న అమ్మాయికీ, అందరికంటే భారీగా ఉన్న మిత్రుడికీ ఒకే వరుసలోంచి తీసి ఇచ్చారు. మరల పక్కన ఉండాల్సిన అంకెలు చాలా వాటి మీద చెరిగిపోయి ఉన్నాయి. మాలో ఒకామె వేగంగా జారుతూ పడలేదు. దాదాపు నిలబడిన చోటే పక్కకు ఒరిగింది. బూటు ఊడలేదు. మోకాలి లోపలివైపు లిగమెంటు సాగి, ఆ వేసవంతా బ్రేసు కట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. నెమ్మదిగా మెలిక పడే ఇలాంటి పడిపోవడంలోనే బైండింగు మీద చాలినంత బలం పడక, అది ఊడకుండా ఉండిపోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి "మేమేమీ పెద్ద వాలు ఎక్కడం లేదు కదా, మాకెందుకివన్నీ" అనే కొత్తవాళ్ళకే ఈ అమరిక ఎక్కువ అవసరం.

అక్కడ స్కీలు ఇచ్చే కుర్రాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. వారికి రాబడి ఉండేది కొద్ది వారాలే. జాతీయ హరిత ట్రైబ్యునల్ జోక్యం తర్వాత రోహ్‌తంగ్‌కు రోజుకు 1,200 పర్యాటక వాహనాలనే అనుమతిస్తున్నారు. మంగళవారాలు రహదారి మరమ్మతుల కోసం కనుమను మూసి ఉంచుతారు. ఉన్న కొద్ది గంటల్లో వీలైనంత మందికి స్కీలు తొడిగి, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు జార్పించి, ఫొటో తీసి పంపడమే వారి వ్యాపారం. దాన్ని మార్చగలిగేది డబ్బిచ్చే మనమే. పదిమంది మిత్రులు ఒకచోట నిలబడితే అద్దెలో వంద రూపాయలు తగ్గించే దాకా వదలకుండా బేరమాడతారు. ఆ బేరమంతా చేసేవారు స్క్రూడ్రైవరు ఉందా అని ఒక్క మాట అడగరు. అది లేని దుకాణంలో మన బరువును బట్టి మర తిప్పేవారు ఎవరూ లేరని అర్థం. అక్కడ డబ్బు ఖర్చుపెట్టేకంటే మంచులో కూర్చుని వేడివేడి మ్యాగీ తినడం మేలు.

మంచు సంగతి కూడా కొంత చెప్పాలి. మే నెలలో కనుమ మీద మిగిలి ఉండేది జనవరిలో కురిసే పొడి మంచు కాదు. పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం పదేపదే జరిగి అది బరక గింజలుగా మారి ఉంటుంది. తెల్లవారుజామున గట్టిగా ఉండి కాలు నిలవనివ్వదు. ఎండ తగిలి పైపొర కొద్దిగా మెత్తబడ్డాక రెండు మూడు గంటలపాటు దాని మీద జారడం ఎంతో హాయిగా ఉంటుంది. మధ్యాహ్నానికి నీళ్ళు పట్టి, బరువెక్కి, స్కీని పట్టి ఆపేస్తుంది. స్కీ ఆగిపోయి ఒళ్ళు మాత్రం ముందుకు తిరగడం కంటే మోకాలికి చెడ్డ కదలిక లేదు. అందుకే వేసవి స్కీయింగ్‌ను ఏళ్ళ తరబడి నడుపుతున్నవారు దాన్ని ఉదయపు ఆటగానే చూస్తారు. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో 3,883 మీటర్ల ఎత్తు వరకు కేబుల్ కారు వెళుతుంది. అక్కడి హిమానీనదం మీద వేసవి స్కీయింగ్ పొద్దున్నే మొదలై మధ్యాహ్నంతో ముగుస్తుంది. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో, మౌంట్ హుడ్ మీది టింబర్‌లైన్‌లో వేసవి మంచు మీద ఉప్పు చల్లుతారు. వెనకటి రోజుల్లో చేత్తో తిప్పే ఐస్‌క్రీం డబ్బా చుట్టూ మంచుగడ్డలతో పాటు ఉప్పు వేసినట్టే, ఇక్కడా ఉప్పు పైపొరను కొంత కరిగిస్తూ చుట్టూ ఉన్న వేడిని లాగేసి, కింది మంచును గట్టిపరుస్తుంది. అంత జాగ్రత్త తీసుకునేవారు కూడా మధ్యాహ్నం దాటాక వాలు మూసేస్తారు. మనవాళ్ళేమో ఢిల్లీ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని మనాలి చేరి, టిఫిన్ చేసి, దారిలో ఓవరాల్ కోట్లూ రబ్బరు బూట్లూ అద్దెకు తీసుకుని, వాహనాల వరుసలో నిలబడి కనుమ చేరేసరికి మంచి మంచు కాలం సగం గడిచిపోతుంది. మీ పర్యాటక పేజీలో ఎక్కడ ఏమి తినాలో రాస్తున్నారు. ఏ వేళకు కనుమ మీద ఉండాలో ఒక్క వాక్యం రాస్తే నావంటివారి పని చాలా తగ్గుతుంది.

ఆ వేసవి మంచైనా ఎప్పుడూ ఉంటుందని నమ్మే రోజులు కావివి. 2022 జూలై చివర ఎండలకు తాళలేక జెర్మాట్‌లోనే వేసవి స్కీయింగ్ నిలిపివేశారు. బొలీవియాలోని చకల్తాయా, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన స్కీ కేంద్రంగా పేరుపొందినది, 2009 నాటికి తన హిమానీనదాన్నే పోగొట్టుకుంది.

స్కీయింగ్ నిజంగా నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న మిత్రబృందాలు మే నెల కోసం కాకుండా శీతకాలం కోసం సెలవు దాచుకోవాలని నా అభిప్రాయం. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, గుల్మార్గ్‌లోని భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ శీతకాలంలో ప్రాథమిక శిక్షణ ఇస్తాయి. అవి ప్రభుత్వ సంస్థలు కాబట్టి రుసుము ప్రైవేటు ప్యాకేజీలతో పోలిస్తే అందుబాటులోనే ఉంటుంది. పడటం, లేవడం, ఆగడం అక్కడ వరుసగా నేర్పుతారు. 2018లో టర్కీలో జరిగిన పోటీలో కాంస్యం గెలిచి, అంతర్జాతీయ స్కీయింగ్‌లో మన దేశానికి తొలి పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ మనాలి ప్రాంతపు అమ్మాయే. 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌కు భారత్ నుంచి వెళ్ళిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ దగ్గర పెరిగినవాడు. సెలవు దొరికేది జూన్ తర్వాతేనంటే, భూమధ్యరేఖకు దక్షిణాన ఆస్ట్రేలియాలోని త్రెడ్బో, పెరిషర్‌లలోనూ, న్యూజిలాండ్‌లోని క్వీన్స్‌టౌన్ చుట్టుపక్కలా అప్పుడే శీతకాలం మొదలవుతుంది. ఖర్చు చాలా ఎక్కువ, వీసా కావాలి. అయితే అక్కడ స్కీలు ఇచ్చే ముందు బరువు, ఎత్తు, వయసు, అనుభవం రాసి సంతకం పెట్టమని కాగితం ఇస్తారు. ఆ కాగితానికి లక్షలు ఖర్చు కావు. మన దగ్గర కూడా పెట్టవచ్చు.

మిత్రులతో వెళ్ళడంలో ఉన్న మరో చిక్కు నా దగ్గరకు వచ్చేవారి మాటల్లో తరచూ వినబడుతుంది. బృందంలో ఒకరికి కాస్త వచ్చి ఉంటుంది. ఆ ఒక్కరు పై వాలుకు పదమంటారు, మిగిలినవారు మొహమాటానికి వెళతారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమావళిలో ఉన్న 10 నియమాల్లో రెండోది ఎవరి వేగం వారి నేర్పును బట్టి ఉండాలంటుంది. మూడోది వెనుక నుంచి వచ్చేవారే ముందున్నవారిని తప్పించుకుని దారి ఎంచుకోవాలంటుంది. స్లెడ్జిలు, గుర్రాలు, స్నో స్కూటర్లు, చంటిపిల్లలు అందరూ ఒకే వాలు మీద కలిసిపోయే చోట ఈ రెండు నియమాలూ ఇంకా ముఖ్యం. పడేటప్పుడు చేతిలోని కర్రను వదిలేయాలని కూడా ఎవరూ చెప్పరు. కర్ర పట్టుకునే పడితే బొటనవేలి మొదట్లోని లిగమెంటు తెగవచ్చు, మోకాలి నొప్పి ముందు దాన్ని పట్టించుకోరు, నెలలు గడిచాక సీసా మూత తిప్పలేక వస్తారు.

ఇక కళ్ళు, ఎత్తు. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది, ఎత్తుతో పాటు వాటి తీవ్రతా పెరుగుతుంది కాబట్టి మబ్బు పట్టినా గాగుల్స్ తీయకూడదు. సుమారు 2,050 మీటర్ల ఎత్తున్న మనాలి నుంచి 3,978 మీటర్ల కనుమకు కొన్ని గంటల్లో ఎక్కుతాం కనుక, తలనొప్పి, వికారం మొదలైతే దిగిపోవాలి. ప్రయాణ బీమాలో సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉన్నాయేమో బయలుదేరక ముందే చదువుకోవాలి.

హిమాచల్ ప్రదేశ్‌లో పారాగ్లైడింగ్ నిర్వాహకులు పర్యాటక శాఖ వద్ద నమోదు చేసుకోవాలి. వర్షాకాలంలో జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు దాన్ని నిలిపివేస్తారు. స్కీల అద్దె దగ్గర నాకు అంతటి తనిఖీ కనిపించలేదు. బరువు, వయసు రాసే ఒక కాగితం, పట్టిక ప్రకారం మర తిప్పడం నేర్చిన ఒక మనిషి, ఏడాదికోసారి బైండింగుల పరీక్ష తప్పనిసరి చేయమని ఆ రాష్ట్ర పర్యాటక శాఖకు నేను రాశాను. మీ పత్రిక తరఫున కూడా ఈ ప్రశ్న వారిని అడిగి, వచ్చే వేసవి యాత్రల ప్రత్యేక పేజీ వెలువడేలోగా వారి సమాధానాన్ని ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
మారతహళ్ళి, బెంగళూరు