లాపరోస్కోపీ పరికరాల శుద్ధి గురించి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి,

పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే లాపరోస్కోపీ ఆపరేషన్లు పెరిగినందుకు మీ సర్జరీ విభాగానికి అభినందనలు. రెండు వినతిపత్రాలకు జవాబు రానందున అందరి ముందూ రాయవలసి వచ్చింది.

కేసుకూ కేసుకూ మధ్య పరికరాలను 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రవంలో 20 నిమిషాలే ఉంచుతున్నారు. స్పోర్లు (కొన్ని బాక్టీరియా గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపం) చావాలంటే 10 గంటలు కావాలి. లోపలి భాగాలను పట్టుకునే గ్రాస్పర్‌ను విప్పకుండా ముంచితే కీలులో ఎండిన రక్తం అలాగే ఉంటుంది. పైగా కుళాయి నీళ్లతో కడగడం! క్షయ క్రిమికి దాయాదులైన మైకోబాక్టీరియా చేరేది అక్కడే. గాయం మానిన కొన్ని వారాలకు బొడ్డు దగ్గర గడ్డ, చీము. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు, నెలల తరబడి మందులు వాడాలి. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి కూలి మానుకుని బస్సెక్కి వచ్చేవారికి అది రెండో జబ్బు.

పరికరాలను విప్పి, బ్రష్‌తో కడిగి, ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల దగ్గర పెట్టించండి. వేడికి తట్టుకోనివాటిని క్రిములు లేని స్టెరైల్ నీటితోనే కడిగించండి. అదనంగా రెండు సెట్లు కొని, నెలలోపు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

భవదీయులు,
రోగుల తరఫున