దీపావళి తర్వాత పెయింట్ వేయించుకున్న తెల్ల కార్లు కూడా తీసుకురండి

మన షాపుకి బండి ఇచ్చే అన్నలకి, అక్కలకి, సార్లకి నమస్కారం.

దీపావళి అయ్యాక మూడు వారాల్లో మన అంబత్తూరు షాపులో తొమ్మిది కార్లకి పెయింట్ వేశాం. అందులో ముదురు రంగువి ఐదు. ఆ ఐదింటి మీదా పొగ పట్టినట్టు తెల్లటి మచ్చలు తేలాయి. వాళ్లకి ఫోన్ చేసి చెప్పాను, బండ్లు ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయి. మిగిలిన నాలుగింటిలో మూడు తెల్లవి, ఒకటి సిల్వర్. వాటి మీద ఎవరికీ ఏమీ కనపడలేదు. అయినా ఆ నాలుగూ తీసుకురమ్మంటున్నాను. వాళ్లకి మాత్రం చెబితే సరిపోయేది, కానీ ఈ షాపు 19 ఏళ్లుగా నడుస్తున్నది మీరు ఒకరికొకరు చెప్పుకోవడం వల్లే. ఈ సంగతి కూడా మీకు నా నోటి నుంచే తెలియాలి.

మొదట ఒక నల్ల కారు బానెట్ మీద చూశాం. పక్కన నిలబడి చూస్తే బాగానే ఉంది. వంగి, ట్యూబ్ లైటు నీడ అందులో ఎలా పడుతుందో చూస్తే తెలిసింది. లైటు గీత అంచు కత్తిలా ఉండాలి. ఒక జానెడు మేర ఆ అంచు కరిగిపోయి, అద్దం మీద ఊపిరి వదిలినట్టు ఉంది. మా పెయింటర్ తమ్ముడు కాంపౌండ్ పెట్టి పాలిష్ కొట్టాడు. పోయింది. పోయిందనుకుని బండి ఇచ్చేశాం. వారం తిరగకుండా మళ్లీ తేలింది. ఆ రోజు ఆగి ఆలోచించకపోవడం నా తప్పు. తమ్ముడిది కాదు.

ముందు గాలి ఇచ్చే కంప్రెసర్ మీద అనుమానం వచ్చింది. ట్యాంకు నీళ్లు వదిలేసి, పెయింట్ కొట్టే గన్ నుంచి గాలి ఒక్కటే అద్దం మీద కొట్టి చూశాం, తడి లేదు. పెయింట్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ డబ్బా కొత్తది, మూత బిగించే ఉంది. తర్వాత పెయింట్ పలచన చేసే థిన్నర్. వానాకాలానికని నేను ఆర్డర్ పెట్టింది మెల్లగా ఎగిరిపోయే స్లో థిన్నర్, డబ్బా మీదా అదే రాసి ఉంది. పోయిన ఏడాది మిగిలిన స్లో థిన్నర్ కొంచెం ఉంటే, దానిదీ దీనిదీ చెరొక చుక్క అద్దం మీద వేశాను. కొత్తది కళ్ల ముందే ఎగిరిపోయి తెల్లటి మరక మిగిల్చింది. పాతది ఇంకా తడిగానే ఉంది. నమ్మకం కలగక, పాత ఫెండర్ రేకుని రెండు ముక్కలు చేయించి, ఒకే క్లియర్ (రంగు మీద కొట్టే మెరుపు పొర), ఒకే హార్డెనర్, ఒకే గంటలో కొట్టాం, థిన్నర్ ఒక్కటే వేరు. పాత థిన్నర్‌ది అద్దంలా వచ్చింది. కొత్తదానిది పాలు ఒలికినట్టు.

ఎందుకిలా అవుతుందో కూడా చెబుతాను. చేతి మీద శానిటైజర్ వేసుకుంటే చల్లగా అనిపిస్తుంది కదా, థిన్నర్ ఎగిరిపోయేటప్పుడు రేకు కూడా అలాగే చల్లబడుతుంది. మన చెన్నైలో ఈ వానల్లో 27 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 90 శాతం ఉంటే, రేకు రెండు డిగ్రీలు చల్లబడినా చాలు, దాని మీద నీటి ఆవిరి చేరిపోతుంది. అదే వేడిలో తేమ 50 శాతమే ఉన్న రోజున పది డిగ్రీలకు పైగా చల్లబడాలి. థిన్నర్ ఎంత తొందరగా ఎగిరితే అంత చల్లదనం. ఆ తేమ పచ్చి క్లియర్‌లో ఇరుక్కుంటే పొగలా కనిపిస్తుంది.

సరుకు ఇచ్చినాయనకి రెండు ముక్కలూ తీసుకెళ్లి చూపించాను. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను, ఒక్క నెల కూడా బాకీ ఆపలేదు. ఆయన రేకు వైపు చూడకుండానే "మీ పెయింటర్ చెయ్యి సరిలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. మూడు రోజుల తర్వాత మనిషిని పంపి, కొత్త డబ్బా ఇస్తాను, విషయం ఇక్కడితో వదిలేయండి అన్నాడు. డబ్బా వెనక్కి పంపేశాను. ఇకపై డిపోకి నేనే వెళ్లి సీలు చూసి తెచ్చుకుంటాను. ప్రతి డబ్బా నుంచి ముందు రేకు ముక్క మీద కొడతాం, తర్వాతే బండి మీద.

నాకు నిద్ర పట్టనిది తెల్ల బండ్ల గురించి. ముదురు రంగులకి ఏం చేయాలో తెలుసు. గోరంత చోట 2000 నంబర్ వాటర్ పేపర్ (చాలా సన్నటి గరుకు కాగితం) కొట్టి పాలిష్ చేస్తే తేటపడితే మచ్చ పైపైనే ఉన్నట్టు. తేటపడకపోతే లోపల ఉన్నట్టు. ఐదింటిలో రెండు పైపైవే, రుద్ది పాలిష్ చేశాం, పదిరోజులైంది, మళ్లీ తేలలేదు. మూడింటికి లోపలే ఉంది. వాటినీ గట్టిగా కోసి మెరిపించవచ్చు. కానీ క్లియర్ మొత్తం మందమే 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) చుట్టూ ఉంటుంది, దాన్ని సగం కోస్తే రెండు మూడు ఎండాకాలాలకి పొరలు లేస్తుంది. అందుకే ఇంకా గరుకైన 800 నంబర్ పేపర్‌తో రుద్ది మళ్లీ క్లియర్ కొడుతున్నాం.

తెల్ల రంగులో ఈ పొగ కలిసిపోతుంది, కంటికి దొరకదు. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నాలుగు బండ్లకి మళ్లీ క్లియర్ అంటే మెటీరియల్, కూలీ, వారం రోజులు పెయింట్ కొట్టే గది (బూత్) ఖాళీ లేకపోవడం. మా ఆవిడ లెక్క రాసి చూపించింది, పిల్లవాడి స్కూలు ఫీజు కూడా ఈ నెలే. రెండు రాత్రులు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. కానీ ఆ డబ్బాలో థిన్నరే ఈ బండ్ల మీదా పడింది. వచ్చే ఏడాది మెరుపు చచ్చిపోతే మీరు వానని తిట్టుకుంటారు, నిజం నాకు మాత్రమే తెలిసి ఉంటుంది. అది నా వల్ల కాదు. ఒక సార్ "సగం ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నారు. ఆయన పెద్ద మనసు. కానీ వద్దు సార్, ఒక్క రూపాయి కూడా తీసుకోను.

వరసలో ఉన్న మిగతావాళ్ల బండ్లు వారం ఆలస్యమవుతాయి. తేమ కొలిచే మీటరు కొన్నాను. అది 80 దాటిన రోజు గన్ పట్టుకోం. అర్జెంట్ అని అడగకండి. కొత్త పెయింట్ మీద నెల దాకా వ్యాక్స్ వద్దు, వానకని కవర్ కప్పి బిగించవద్దు, లోపల తేమ నిలుస్తుంది. మచ్చ కనపడితే రోడ్డు పక్కన రుద్దించకుండా నాకు ఫోటో పంపండి.

నల్ల కారు అన్నా, మీ బండి గురువారం సాయంత్రానికి రెడీ. వెలుతురు ఉండగానే రండి. ముందు ఎండలో చూసుకోండి, తర్వాత ఆ ట్యూబ్ లైటు కిందే నిలబెడతాను, వంగి చూసి అప్పుడు తీసుకెళ్లండి.