ఫోన్ కొత్తది, ప్లాన్ పాతదే

నాన్నగారికి నమస్కారాలు.

ఆదివారం మీరడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "ఊరికే ఫోన్ ఇస్తామంటే వద్దని, చేతి డబ్బు పెట్టి కొన్నావా అమ్మా?" అన్నారు. అరగంట మాట్లాడుకున్నా లెక్క తేలలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆగస్టులో తమ్ముడు ఇక్కడికి, అమెరికాకి చదువుకు వస్తున్నాడు కదా, వాడి చేత కూడా ఒకసారి చదివించండి.

పాత ఫోన్ బ్యాటరీ పోయిన నెలలో ఉబ్బింది. తెర ఒక పక్క పైకి లేచి, గోరు దూరేంత సందు వచ్చింది. దాన్ని ఛార్జింగ్‌లో పెట్టి పడుకోవాలంటే భయమేసింది. ఫోన్ మార్చక తప్పదు, ప్లాన్ మాత్రం పోకూడదు. ఈ రెండింటినీ విడదీసుకోవడానికే నాకు మూడు వారాలు పట్టింది.

ఈ ప్లాన్ నేను వచ్చిన కొత్తలో, 2010 ఏప్రిల్‌లో తీసుకున్నది. అప్పట్లో నెలకు 30 డాలర్లు కడితే ఎంత డేటా వాడుకున్నా అడిగేవాళ్లు కాదు. ఆ జూన్‌లో ఏటీ అండ్ టీ, మరుసటేడు జూలైలో వెరైజన్ అనే ఫోన్ కంపెనీలు కొత్తగా చేరేవాళ్లకు అన్‌లిమిటెడ్ డేటా ఆపేశాయి. అప్పటికే తీసుకున్నవాళ్లకు మాత్రం కొనసాగించాయి. 2017 నుంచి పెద్ద కంపెనీలన్నీ మళ్లీ అన్‌లిమిటెడ్ అమ్ముతున్నాయి గానీ వాటి రేట్లు వేరు. నా ప్లాన్‌కి మధ్యలో రేటు పెంచినా, కొత్తవాటితో పోలిస్తే ఇప్పటికీ నెలకు 35 డాలర్లు తక్కువే పడుతోంది.

ఇలా పాతవాళ్లకు మాత్రమే మిగిలిన ప్లాన్‌ను ఇక్కడ 'గ్రాండ్‌ఫాదర్డ్ ప్లాన్' అంటారు. తాతల నాటిదని ముద్దుగా అంటున్నారేమో అనుకున్నాను. ఆ మాట పుట్టుక చాలా చేదుది. ఇక్కడి అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలు కొన్ని, నల్లవాళ్లను ఓటుకు దూరంగా ఉంచాలని చదువు పరీక్షలు, పన్నులు పెట్టాయి. తాతకు ఓటు హక్కు ఉండి ఉంటే మనవడికి ఆ పరీక్షలు అక్కర్లేదన్నాయి. బానిసలుగా బతికినవాళ్ల మనవలకు ఆ తాత ఎక్కడినుంచి వస్తాడు? 1915లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మాట మాత్రం ఫోన్ బిల్లుల దాకా వచ్చింది. మీకు చరిత్ర ఇష్టమని రాశాను.

ఇక ఆ ఊరికే ఇచ్చే ఫోన్ సంగతి. షాపులో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. ఫోన్ ధర 800 డాలర్లు. దాన్ని 36 వాయిదాలు చేస్తారు, వాయిదాకి 22 డాలర్ల 22 సెంట్లు. ప్రతినెలా బిల్లులో అంత వేసి, కింద వరుసలో అంతే తీసేస్తారు. అదే వాళ్లు 'ఫ్రీ' అనేది. మధ్యలో మానేస్తే మిగిలిన వాయిదాలన్నీ ఒక్కసారే కట్టాలి. కాగితం చివర చిన్న అక్షరాల్లో ఇంకొకటుంది: ఈ తగ్గింపు కొత్త ప్లాన్లలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. అంటే నేను నెలకు 35 డాలర్లు ఎక్కువ కట్టే ప్లాన్‌లోకి మారాలి. 36 నెలలకు 1,260 డాలర్లు. 800 డాలర్ల ఫోన్ కోసం 1,260 కట్టి, మూడేళ్లు పూర్తయ్యాక కూడా ఆ 35 కడుతూనే ఉండాలి. మీరు పాత బిల్లులన్నీ ఫైల్లో దాచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేవారు కదా, నేనూ అలాగే రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పూర్వం రెండేళ్ల ఒప్పందం రాయించుకుని ఫోన్‌ను తగ్గింపు ధరకు ఇచ్చేవారు. 2012లో వెరైజన్ తేల్చి చెప్పింది: తగ్గింపు ధరకు ఫోన్ తీసుకుంటే పాత అన్‌లిమిటెడ్ పోతుంది, పూర్తి ధర పెట్టి కొనుక్కుంటే ఉంటుంది అని. తర్వాత రెండేళ్ల ఒప్పందాలు పోయి వాయిదాలు వచ్చాయి. కానీ ఫోన్ మీద ఇచ్చేది ప్లాన్‌లో రాబట్టుకోవడం మాత్రం మారలేదు.

నేను ఇంత జాగ్రత్త పడటానికి ఇంకో కారణం ఉంది, మీకు ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయనకూ నాతో పాటే తీసుకున్న ఇలాంటి ప్లాన్ ఉండేది. 2016లో కొత్త ఫోన్ తీసుకుంటుంటే కౌంటర్లో అమ్మాయి టాబ్లెట్ ముందుకు జరిపి సంతకం పెట్టమంది. పెట్టారు. ప్లాన్ మారుతుందని ఒక్క మాట చెప్పలేదు. తర్వాతి నెల బిల్లు చూస్తేగాని తెలియలేదు. గంటసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంటే, ఆ పాత ప్లాన్ ఒకసారి తీసేస్తే మళ్లీ ఎక్కించే వీలు సిస్టమ్‌లో లేదన్నారు. ఆరేళ్లుగా ఉన్న ప్లాన్ ఒక్క సంతకంతో పోయింది. ఆ రోజు ఆయన ఏమీ అనలేదు, నాకు మాత్రం చాలా కష్టమనిపించింది.

అందుకే ఈసారి కంపెనీ షాపు గడపే మళ్లీ తొక్కలేదు. ఫోన్ తయారుచేసేవాళ్ల దగ్గరే, ఏ కంపెనీకీ కట్టుబడని అన్‌లాక్డ్ ఫోన్ పూర్తి ధరకు కొన్నాను. కొనేముందు మూడు విషయాలు చూసుకున్నాను. మా కంపెనీ సిగ్నల్‌కు వాడే తరంగాలు, అంటే బ్యాండ్లు, ఆ మోడల్‌కు ఉన్నాయా, 4జీ మీదే మాట వెళ్తుందా అని. 2022లో ఇక్కడ 3జీ మూసేశారు, ఏటీ అండ్ టీ ఫిబ్రవరిలో, వెరైజన్ ఏడాది చివర్లో. 4జీ మీద మాట్లాడే వీలు లేని ఫోన్లలో ఇక కాల్స్ వెళ్లవు. మూడోది సిమ్ ట్రే. ఇక్కడ అమ్మే ఐఫోన్లకు 14 మోడల్ నుంచి ట్రే లేదు, అంతా ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఈ-సిమ్మే. అప్పుడు సిమ్ మార్చాలన్నా చాలాసార్లు కంపెనీ వాళ్ల యాప్ గుండా వెళ్లాలి. అక్కడ పొరపాటున ఏ బటన్ నొక్కుతానో అని ట్రే ఉన్న ఫోనే తీసుకున్నాను.

ఆ రాత్రి వంటగది బల్ల మీద తెల్ల కాగితం పరిచి పాత ఫోన్ ఆపేశాను. పిన్ను గుచ్చితే ట్రే బయటికొచ్చింది. సిమ్ చిటికెన వేలి గోరంత ఉంది. బంగారు రంగు ముక్క మీద సన్నటి గీతలు పడ్డాయి. జారిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి కొత్త ట్రేలో పెట్టాను. ఒక మూల కోసి ఉంటుంది కాబట్టి తప్పుగా పెట్టే వీల్లేదు. ఫోన్ ఆన్ చేశాక 'సర్వీస్ లేదు' అని చూపించింది. నిమిషం గడిచింది. ఒక గీత, రెండు, నాలుగు. నేను మొదట చేసిన కాల్ మీకే. అక్కడ తెల్లవారి ఆరున్నర, "ఇంత పొద్దున్నే ఏమైందమ్మా?" అని కంగారు పడ్డారు, గుర్తుందా?

తర్వాత అకౌంట్ తెరిచి చూశాను, ప్లాన్ పేరు అదే. నిన్న బిల్లు వచ్చింది, సెంటు కూడా మారలేదు. ఈ ప్లాన్ మీద 5జీ రాదు, జనం ఎక్కువగా ఉన్నచోట నెమ్మదిస్తుంది కూడా. నాకది చాలు.

అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆ పదకొండు రోజులు మీరు ఫోన్‌ను మంచం పక్కన బల్ల మీద ఆనించి వీడియో అలాగే వదిలేసేవారు. నేను ఆఫీసు కింద కారులో కూర్చుని, అమ్మ ఛాతీ మీద దుప్పటి లేచి పడటం చూస్తూ ఉండేదాన్ని. ఎంత డేటా అయిందని ఒక్కసారైనా చూడలేదు, చూడాల్సిన పని లేకపోయింది. డాలర్ల లెక్క తేలినా తేలకపోయినా, నేను ఈ ప్లాన్ వదలలేకపోవడానికి అసలు కారణం అది.

తమ్ముడికి ఈ ప్లాన్ దొరకదు. కాబట్టి వాడికి చెప్పాల్సింది వేరే. దిగిన వారంలోనే ఊరికే వచ్చే ఫోన్ కోసం మూడేళ్లకు సంతకం పెట్టొద్దనండి. ఇప్పుడున్న ఫోన్ తెచ్చుకుని ప్రీపెయిడ్ సిమ్ వేసుకుంటే మొదటి ఏడాదికి సరిపోతుంది. అక్కడి మోడళ్లలో కొన్నింటికి ఇక్కడి బ్యాండ్లు ఉండవు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే ఐఎమ్‌ఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది, అది నాకు పంపమనండి, నేను చూసి చెబుతాను. కంపెనీ మారినా నంబరు వెంట తీసుకుపోవచ్చు, 2003 నవంబరు నుంచి ఇక్కడ ఆ వీలుంది. ప్లాన్ మాత్రం అలా వెంట రాదు, ఆ సంగతి వాడు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

అమ్మ మందులు అయిపోకముందే తెప్పించండి. ఆదివారం ఇదే నంబరు నుంచి చేస్తాను. ఈ ఫోన్లో నా మాట ముందుకంటే బాగా వినబడుతోందో లేదో అమ్మని అడిగి చెప్పండి.

మీ అమ్మాయి